పెరట్లో కొండ

వెర్మాంట్‌లోని రిచ్‌మండ్‌లో కాక్రన్స్ అని చిన్న స్కీ కొండ. మిక్కీ, జిన్నీ కాక్రన్ దంపతులు 1961లో పిల్లల కోసం ఇంటి వెనక వాలులో స్కీ చేసేవాళ్ళని పైకి లాగే తాడు యంత్రం బిగించారు. నలుగురు పిల్లలూ అమెరికా స్కీ జట్టుకెక్కారు. బార్బరా అయితే 1972 సప్పోరో ఒలింపిక్స్ స్లాలమ్‌లో స్వర్ణమే గెలిచింది, 0.02 సెకన్ల తేడాతో!

చలికాలం వారాంతాల్లో మా మకాం అక్కడే. పెద్ద రిసార్టుల హంగేమీ లేదు, నాకు నచ్చిందీ అదే. కిటుకంతా తాడు పట్టుకోవడంలో ఉంది. ఒక్కసారిగా బిగిస్తే భుజం గుంజేస్తుంది. గ్లవ్స్‌లోంచి కాస్త జారనిస్తూ మెల్లగా పట్టు బిగించాలి. మా చిన్నదానికి ఇట్టే పట్టుబడింది. మా ఆవిడ మాత్రం అల్లం టీ, పులిహోర డబ్బా ముందేసుకుని లాడ్జి బెంచీ వదలదు. (ఆ పులిహోరకి పక్క బెంచీలోనూ అభిమానులున్నారు.) నిరుటి బూట్లు పిల్లలిద్దరికీ బిగుతయ్యాయి, సెకండ్‌హ్యాండ్ జతలు వెతకాలి.