ఒక్క పగటిలో ఐదు శతాబ్దాలు

లిస్బన్‌లో మొదలై సింట్రా, కాబో ద రోకా, కాస్కైస్ మీదుగా సాగే ప్రైవేట్ టూర్ యూరప్ పడమటి అంచును ఒక్క రోజులో చూపిస్తుంది. ఆ దారిలో భారత్ వాటా ఎంతో అడిగి తెలుసుకోవడం మాత్రం యాత్రికుడి వంతే.

ఉదయం ఎనిమిదిన్నర కాకముందే లిస్బన్ హోటళ్ల ముందు నల్లటి వ్యాన్లు ఆగుతాయి. చాలా బండ్లలో డ్రైవరే గైడ్. మనిషికి ఇంత అని కాకుండా బండికి ఇంత అని మాట్లాడుకునే బేరం ఇది. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి గిట్టుబాటే, ఒంటరి యాత్రికుడికి మాత్రం భారం. అనుకున్న సమయం ఎనిమిది గంటలు, తిరిగే దూరం వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటుగా. ఈ లోపలే ఒక సామ్రాజ్య రాజధాని, ఒక కొండ మీది రాచనగరు, ఖండం చివరి కొన, రెండు సముద్రతీర పట్టణాలు చూసెయ్యాలి. తిరుపతి వెళ్లి శ్రీకాళహస్తి కూడా చూసుకుని రాత్రికి ఇల్లు చేరే తెలుగు కుటుంబాలకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

పోర్చుగల్ జనాభా కోటి పైచిలుకు. 2024లో అక్కడి హోటళ్లు, వసతి గృహాల్లో దిగిన అతిథులు మూడు కోట్లు దాటారు. భారతీయ పర్యాటకుడు ఇప్పుడు ఆ గుంపులో కనిపిస్తున్నాడు. అయితే అతనికీ, పక్కన నిలబడి ఫొటో తీసుకుంటున్న జర్మన్ పర్యాటకుడికీ ఒక తేడా ఉంది. ఈ ఊళ్లలోని రాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు అతని దేశంలోనూ ఉంది.

మిరియాలు కట్టిన మఠం

మొదటి మజిలీ బెలెం. టాగస్ నది సముద్రాన్ని కలిసే ముందు విశాలమయ్యే చోటు. 1497 జులై 8న వాస్కోడగామా నాలుగు ఓడలతో ఇక్కడి నుంచే బయల్దేరి, 1498 మే నెలలో కాలికట్ తీరం చేరాడు. రాజు మాన్యుయెల్ 1501 ప్రాంతంలో ఇక్కడే జెరోనిమస్ మఠం పని మొదలుపెట్టాడు. ఆఫ్రికా, ఆసియా వ్యాపారం మీద వేసిన అయిదు శాతం పన్ను దాని ఖర్చుకు ఆధారం. తాళ్ల ముడులు, పగడాలు, సముద్రపు తీగలు చెక్కిన ఆ స్తంభాలను చూసి నోరెళ్లబెట్టని వారుండరు. సున్నపురాయికి అంత పనితనం అబ్బడానికి మలబారు మిరియాలు, సుగంధ ద్రవ్యాలు కారణమని తెలిస్తే ఆ చూపు కాస్త మారుతుంది.

చర్చిలో అడుగుపెట్టగానే రెండు సమాధులు ఎదురవుతాయి. ఒకటి గామాది, రెండోది అతని ప్రయాణాన్ని 1572లో మహాకావ్యంగా అచ్చు వేయించిన కవి కమోయిష్‌ది. గామా చనిపోయింది మాత్రం ఇక్కడ కాదు, కొచ్చిలో. అది 1524 డిసెంబర్ 24. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చిన అస్థికలను 1539లో పోర్చుగల్‌కు తెచ్చారు. అవి ఈ మఠానికి చేరేసరికి 1880 అయింది. ఖాళీ అయిన గోరీని కొచ్చి చర్చి నేటికీ చూపిస్తుంది. 1502లో రెండో ప్రయాణంలో మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను గామా ఆడవాళ్లు, పిల్లలతో సహా తగులబెట్టించాడు. అడగకపోతే ఆ సంగతి టూర్ కథలో వినిపించదు.

నది ఒడ్డునే బెలెం బురుజు. దాని పడమటి మూల కింద రాతిలో ఒక ఖడ్గమృగం తల ఉంటుంది, గాలికి, ఉప్పు నీటికి అరిగిపోయి. గుజరాత్ సుల్తాన్ రెండో ముజఫర్ షా కానుకగా ఇచ్చిన ఖడ్గమృగాన్ని గోవా నుంచి గవర్నర్ ఆల్బుకెర్క్ రాజుకు పంపాడు. 1515 మేలో అది లిస్బన్ రేవులో దిగింది. రోమన్ల కాలం తర్వాత యూరప్ చూసిన మొదటి ఖడ్గమృగం అదేనంటారు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ దాన్ని కళ్లారా చూడకుండానే, ఎవరో రాసిన వర్ణన, ఒక రేఖాచిత్రం ఆధారంగా చెక్క మీద చెక్కి ప్రసిద్ధం చేశాడు. రాజు దాన్ని పోప్‌కు బహుమతిగా పంపితే, ఓడ ఇటలీ తీరంలో మునిగి 1516లో ఆ జంతువు చచ్చిపోయింది.

అక్కడికి నాలుగడుగుల్లో అన్వేషణల స్మారకం. ఓడ ముందుభాగంలా నిలిచిన ఈ కట్టడం మొదట 1940లో సలజార్ నియంతృత్వం జరిపిన ప్రదర్శన కోసం తాత్కాలికంగా లేచింది. 1960లో కాంక్రీటు, రాళ్లతో శాశ్వతమైంది. సామ్రాజ్యం కూలడం మొదలు కావడానికి ఏడాది ముందు కట్టిన సామ్రాజ్య గర్వం అది. 1961 డిసెంబర్‌లో భారత సైన్యం గోవాలో ప్రవేశించింది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్ సైనికులు తుపాకుల్లో ఎర్రపూలు గుచ్చి నియంతృత్వాన్ని దించారు. గోవా మీద భారత సార్వభౌమత్వాన్ని పోర్చుగల్ ఒప్పుకున్నది ఆ తర్వాతే, 1974 డిసెంబర్‌లో.

తగవు ఇంకా తీరలేదు. లిస్బన్ నగరపాలక సంస్థ అన్వేషణల పేరుతో మ్యూజియం పెడతామంటే, 2018లో వంద మందికి పైగా చరిత్రకారులు, మేధావులు ఆ పేరును వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ రాశారు. అప్పటికే మనుషులున్న దేశాలను కనిపెట్టడమేమిటన్నది వారి ప్రశ్న. మొజాంబిక్‌లో 1972లో పోర్చుగల్ సైన్యం జరిపిన ఊచకోతకు 2022లో అప్పటి ప్రధాని ఆంటోనియో కోస్టా క్షమాపణ చెప్పారు. ఆయన తండ్రి వైపు మూలాలు గోవావి. 2024 డిసెంబర్ నుంచి ఆయన యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు.

బిస్నగ దారి

తెలుగు వారికి ఈ నగరంతో మరో లంకె ఉంది. శ్రీకృష్ణదేవరాయల రూపురేఖలను, ఆయన పొద్దున్నే చేసే కసరత్తును, విజయనగరంలో మహర్నవమి వేడుకలను కళ్లకు కట్టినట్లు రాసిన వాడు పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్. 1520 ప్రాంతంలో అతను హంపీ చూశాడు. దశాబ్దంన్నర తర్వాత గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ మరో వృత్తాంతం రాశాడు. వారి భాషలో విజయనగరం పేరు బిస్నగ. ఆ రాతప్రతులను 1897లో డేవిడ్ లోపెజ్ లిస్బన్‌లో అచ్చు వేయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రాబర్ట్ స్యూయెల్ వాటిని ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1900లో తన విజయనగర చరిత్రలో చేర్చాడు. తెలుగు బడి పుస్తకాల్లోని రాయల కొలువు చాలా వరకు ఆ దారిలోనే వచ్చింది.

మాటలూ అలాగే వచ్చాయి. ఇంట్లో అలమారు, తువ్వాలు, ఇస్త్రీ, పని చేయించే మేస్త్రీ, తినే అనాస, అన్నీ ఓడ దిగిన పోర్చుగీసు మాటలే. అమెరికా ఖండం నుంచి మిరపను తెచ్చిందీ వారే. నల్ల మిరియం కోసం వచ్చిన వాడు ఎర్ర మిరపను వదిలి వెళ్లాడు. గుంటూరు మిర్చి యార్డుకు ఇంతకంటే పాత చరిత్ర లేదు.

కొండ మీద సంస్కృతం

బెలెం నుంచి సింట్రా ముప్పై కిలోమీటర్లు. సముద్రపు తేమను పట్టుకుని ఆపే కొండలు కాబట్టి లిస్బన్‌లో ఎండ కాస్తున్నా ఇక్కడ మంచు కమ్ముకుని ఉండొచ్చు. వేసవిలో రాజుల విడిది ఇదే. ఊరి నడుమ పాత రాజభవనం, దాని వంటింటి మీద రెండు తెల్లటి శంఖాకారపు పొగగొట్టాలు. శిఖరం మీద ఎరుపు, పసుపు రంగుల పేనా ప్యాలెస్. 1838లో రెండో ఫెర్నాండో శిథిలమైన మఠాన్ని కొని దాని చుట్టూ కట్టుకున్న కలల కోట. దీన్ని చూడాలంటే గంట, నిమిషం ముద్రించిన టికెట్ ముందే కొనాలి. ఆ వేళ తప్పితే గైడ్ కూడా ఏమీ చేయలేడు. 1995లో యునెస్కో ఈ కొండనంతా ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

టూర్ వ్యాన్లు ఆగని ఓ పాత ఎస్టేట్ సింట్రాలో ఉంది. పేరు పెన్యా వెర్దె. 1546లో డయ్యూ ముట్టడిని ఛేదించి, 1548లో గోవాలో వైస్రాయ్‌గా మరణించిన జువావ్ ద కాస్ట్రో ఆస్తి అది. ఆ తోటలో ఒక సంస్కృత శాసనం ఉండేది. సోమనాథ్ పట్టణంలో త్రిపురాంతకుడనే పాశుపత శైవాచార్యుడు అయిదు ఆలయాలు కట్టించిన వైనం అందులో ఉంది. వాఘేలా రాజు సారంగదేవుడి కాలం, క్రీ.శ. 1287 నాటిది. జర్మన్ పండితుడు బ్యూలర్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా తొలి సంపుటంలో ప్రచురించాడు. సౌరాష్ట్ర తీరంలో పుట్టిన శాసనానికి శాసన శాస్త్రంలో స్థిరపడిన పేరు సింట్రా ప్రశస్తి! పోర్చుగీసు వైస్రాయ్ తోటకు అలంకారంగా చేరిన రాయికి అది దొరికిన ఊరి పేరే మిగిలింది.

సింట్రాకు ఇప్పుడు మరో ముట్టడి. ఇరుకు ఘాట్ రోడ్డు మీద వ్యాన్లు, టుక్‌టుక్‌లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలుస్తాయి. ఊరి నడిబొడ్డులోకి ప్రైవేట్ కార్లను నియంత్రించారు. అయినా అంబులెన్స్ రావడానికి దారి ఏదని అడిగే స్థానికులు ఉన్నారు. వ్యాన్‌లో కూర్చున్న వాడికి ట్రాఫిక్ మీద విసుగు సహజమే. కానీ ఆ ట్రాఫిక్‌లో అతని బండి కూడా ఒకటి.

అంచున నిలబడి

సింట్రా నుంచి మలుపులు తిరుగుతూ దిగితే కాబో ద రోకా. యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివరి కొన. సుమారు 140 మీటర్ల కొండచరియ, కింద అట్లాంటిక్, పక్కన 1772 నాటి దీపస్తంభం. గాలి మనిషిని నెట్టేస్తుంది. ఇక్కడి దాకా వచ్చినట్లు పేరు రాసి ముద్ర వేసిన ధ్రువపత్రం పర్యాటక కార్యాలయం డబ్బు తీసుకుని ఇస్తుంది. కన్యాకుమారిలో నిలబడ్డ భారతీయుడికి ఇలాంటి చోటు తెలుసు. తేడా ఒక్కటే. అక్కడ సముద్రాన్ని చూసి దణ్ణం పెడతారు, ఇక్కడి వారు ఓడ ఎక్కారు.

తీరం వెంట గిన్షో ఇసుక దిబ్బలు, అల రాతి గుహలో పేలే బోకా దు ఇన్ఫెర్ను దాటితే కాస్కైస్. చేపలు పట్టుకునే పల్లె, 1870లో రాజు లూయిష్ వేసవికి రావడం మొదలుపెట్టాక షోకు నేర్చింది. పక్కనే ఎస్టోరిల్. రెండో ప్రపంచ యుద్ధంలో పోర్చుగల్ తటస్థం కాబట్టి పదవీచ్యుతులైన రాజులు, యూదు శరణార్థులు, రెండు పక్షాల గూఢచారులు ఇక్కడి హోటళ్లలో ఒకే గదిలో భోంచేసేవారు. 1941లో ఇక్కడి కాసినోకు వచ్చిన బ్రిటిష్ నౌకాదళ అధికారి ఇయాన్ ఫ్లెమింగ్ తర్వాత జేమ్స్ బాండ్‌ను సృష్టించాడు.

ఇదంతా వ్యాన్ లేకుండా కుదరదా? కుదురుతుంది. లిస్బన్ రోసియో స్టేషన్ నుంచి సింట్రాకు, కైష్ దు సొద్రె నుంచి కాస్కైస్‌కు లోకల్ రైలు ఒక్కొక్కటి నలభై నిమిషాలే. రెంటి నడుమ కాబో ద రోకా మీదుగా బస్సు నడుస్తుంది. రెండు రోజులుంటే ఆ దారే మేలు. ఒక్క రోజే ఉన్నవారికి, వెంట పెద్దవాళ్లు ఉన్నవారికి ప్రైవేట్ బండి సార్థకమే. అయితే డబ్బు పెట్టేది ఏసీ సీటుకు కాదు, గైడ్‌ను ప్రశ్నలడిగే హక్కుకు. జెరోనిమస్ సోమవారం మూసి ఉంటుందన్నది కూడా మరవకూడదు.

దారిలో లేని మజిలీ

సాయంత్రం వ్యాన్ లిస్బన్‌లో దించుతుంది. 1755 నవంబర్ 1 భూకంపం, ఉప్పెన, మంటల్లో కూలిన నగరాన్ని మార్క్విస్ పొంబాల్ గళ్ల నోట్‌బుక్‌లా తిరిగి కట్టించిన బైషా వీధులివి. పై అంతస్తులు ఎన్నో ఇప్పుడు పర్యాటకుల అద్దె గదులు. అద్దెలు భరించలేక పాత కాపురాలు శివార్లకు తరలుతున్నాయి. 2023లో ప్రభుత్వం కొత్త స్వల్పకాలిక అద్దెలకు పగ్గాలు వేసింది. 2024లో వచ్చిన మరో ప్రభుత్వం వాటిని సడలించింది. పర్యాటకులకు మోజైన గ్లోరియా కేబుల్ ట్రామ్ 2025 సెప్టెంబర్ 3న పట్టు తప్పి దూసుకుపోయి 16 మంది చనిపోయారు.

బైషా నుంచి పది నిమిషాలు నడిస్తే మార్టిం మొనిష్ కూడలి, దాని వెనుక బెన్ఫొర్మోజు వీధి. బంగ్లా, నేపాలీ, పంజాబీ, హిందీ మాటలు, హలాల్ మాంసం దుకాణాలు, ఫోన్ రీచార్జి అంగళ్లు. హోటల్ వంటింట్లో గిన్నెలు తోమేది, స్కూటర్ మీద భోజనం మోసేది, నైరుతి తీరాన ఒడెమీరాలో ప్లాస్టిక్ పైకప్పుల కింద బెర్రీ పండ్లు కోసేది ఎక్కువగా దక్షిణాసియా వారే. 2024 డిసెంబర్ 19న ఇదే వీధిలో పోలీసులు వలసదారులను వరసగా గోడకు ఆనించి నిలబెట్టి సోదా చేశారు. ఆ ఫొటో దేశాన్ని కుదిపింది. 2025 జనవరిలో వేల మంది లిస్బన్‌వాసులు దాన్ని నిరసిస్తూ వీధిలో నడిచారు.

అయిదు వందల ఏళ్ల కింద ఒక చిన్న దేశం బతుకుతెరువు వెతుక్కుంటూ సముద్రం దాటి తూర్పుకు వెళ్లింది. దానికి బెలెంలో స్మారకం ఉంది. ఇప్పుడు తూర్పు నుంచి వచ్చిన వారిది కూడా బతుకుతెరువే. వారికి బెన్ఫొర్మోజులో గది, అందులో పది పరుపులు. ఏ టూర్ వ్యాన్ కూడా ఇక్కడ ఆగదు. టికెట్ అక్కర్లేదు, వేళలు లేవు. ఒక కప్పు టీ తాగే సమయం చాలు.