నల్లాలో వచ్చిన మూసీ

పిల్లలూ, నల్లా తిప్పగానే నీళ్ళు వస్తవి గదా! ఆ నీళ్ళను ఎవరు తోస్తే వస్తున్నవో ఎప్పుడైనా ఆలోచించారా? నాకు పదేళ్ళు వచ్చేదాకా ఆ ఆలోచన రాలేదు. వచ్చింది కూడా ఒక జామచెట్టు మూలాన.

1968 వేసవి సెలవులకు హైదరాబాదులో అమ్మమ్మగారింటికి వెళ్ళాను. మా మామయ్య అక్కడ నీళ్ళశాఖలో పని చేసేవాడు. ఇంటి ముందు నల్లా, దాని కింద తొట్టి. పెరట్లో జామచెట్టు. బిందెలతో మోయలేక, తొట్టినుంచి చెట్టుదాకా నీళ్ళు వాటంతట అవే పోయేటట్టు చేద్దామనుకున్నాను. నాలుగు వెదుళ్ళు నిలువునా చీల్పించి, దోనెల్లాగా వరసగా పరిచాను. నీళ్ళు మూడో దోనెదాకా వచ్చి, అక్కడే నిలిచి, పొర్లి, వాకిలంతా బురద చేసినవి. మొదటి దోనె కింద రెండు ఇటుకలు పెట్టాను. ఈసారి నీళ్ళు ఉరుకుతూ వచ్చి, చెట్టు మొదట్లో మట్టిని తవ్వి వేళ్ళు బయట పెట్టినవి. అమ్మమ్మ చీపురుకట్ట అందుకున్నది.

సాయంత్రం మామయ్య వచ్చి చూసి నవ్వలేదు. పళ్ళెంలో అంచుదాకా నీళ్ళు పోసి ఒక్కొక్క దోనె మీదా పెట్టి చూశాడు. పళ్ళెం ఎటు పొర్లితే అటు వాలు. ఎక్కడ ఎత్తు ఉన్నదో అక్కడ మట్టి తీశాడు, ఎక్కడ పల్లమో అక్కడ పెంకు ముక్క పెట్టాడు. అరగంటలో నీళ్ళు తొందర లేకుండా, ఆగకుండా, చెట్టుదాకా నడిచినవి.

"వాలు తక్కువైతే నీళ్ళు నిలిచిపోతవి, ఎక్కువైతే కాలువనే తినేస్తవి. గండిపేటనుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లదాకా పదిహేను కిలోమీటర్లకు దగ్గర ఉంటుంది. అంత దూరమూ నీళ్ళు ఇట్లాగే వస్తున్నవి. పంపు లేదు, ఇంజను లేదు," అన్నాడు మామయ్య.

నేను నమ్మలేదు. నాలుగు దోనెలకే నా ప్రాణం పోయింది మరి! మరునాడు మామయ్య నన్ను సైకిలు మీద ఎక్కించుకుని తీసుకువెళ్ళాడు. కట్టుబడి కాలువ అది, పైన కప్పు ఉంటుంది. ఎండకు నీరు ఆవిరి కాకుండా, దుమ్మూ పశువులూ పడకుండా ఆ కప్పు. ఆ కప్పు మీద చెవి ఆనించి విన్నాను. లోపల ఎవరో నెమ్మదిగా మాట్లాడుకుంటున్నట్టు చప్పుడు!

ఆ నీళ్ళు ఫిల్టర్ బెడ్లకు చేరి, ఇసుకలోంచి కిందికి దిగుతవి. పైన ఇసుక, దాని అడుగున కంకర. మురికి ఇసుకలో చిక్కుకుంటుంది. నీరు దిగిపోతుంది. అప్పుడప్పుడూ ఆ ఇసుకను కూడా శుభ్రం చేయాలి. లేకపోతే వడపోతే ఆగిపోతుంది.

కట్ట మీద నిలబడి, "ఈ నీళ్ళన్నీ ఎక్కడివి?" అని అడిగాను.

"మూసీవి," అన్నాడు మామయ్య.

ఇంటికి రాగానే అమ్మమ్మ దగ్గరకు పరుగెత్తాను. "అమ్మమ్మా, నువ్వు రోజూ తాగేవి మూసీ నీళ్ళే, తెలుసా!" అన్నాను. ఆవిడ ఎప్పుడూ మూసీ పేరు ఎత్తేది కాదు, పురానాపూల్ దాటవలసి వస్తే కళ్ళు మూసుకునేది. ఎందుకో నాకు తెలియదు.

"తెలుసు బిడ్డా. తెలిసే తాగుతున్నాను," అన్నది.

ఆ రాత్రి చెప్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చేనాటికి ఆవిడకు ఎనిమిదేళ్ళు. పై ఊళ్ళలో ఒక చెరువు తెగి దాని నీళ్ళు ఇంకొక చెరువులో పడి, అదీ తెగి, అట్లా రెండు వందలకు పైగా చెరువులు తెగినవట. వాళ్ళ నాన్న ఆవిడను భుజాన వేసుకొని మెరక మీదికి చేర్చి, తల్లికోసం, తమ్ముడికోసం వెనక్కు వెళ్ళాడు. ముగ్గురిలో ఎవరూ రాలేదు. నగరంలో పదిహేను వేలమంది దాకా పోయినారని అంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది.

మరుసటి ఏడు, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాం ప్రభుత్వం పిలిపించింది. వరదను ఊళ్ళోకి వచ్చాక ఆపలేము గనక ఊరికి పైనే ఆపాలన్నారాయన. మూసీ మీద గండిపేట దగ్గర కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. మూసీలో కలిసే ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. చంపిన నదినే తాగే నీరు చేశారన్నమాట.

ఇందులో ఒక చిక్కున్నది, మామయ్య చెప్పాడు. తాగడానికైతే చెరువు నిండుగా ఉండాలి, వరద ఆపడానికైతే ఖాళీగా ఉండాలి. ఒకే చెరువు రెండు పనులూ ఎట్లా చేస్తుంది? అందుకే వానాకాలంలో నీటిమట్టాన్ని అస్తమానమూ చూస్తూ, అవసరమైతే గేట్లు ఎత్తుతూ ఉండాలి. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం సముద్రంకన్నా 1790 అడుగుల ఎత్తు. ఈ పని ఇప్పటికీ ఉన్నది. నగరానికి ఇప్పుడు మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళు వస్తున్నా, కృష్ణా గోదావరులను వందకు పైగా కిలోమీటర్ల దూరంనుంచి పంపులతో ఎత్తి తేవాలి. వాలు మీద నడిచి వచ్చే గండిపేట నీళ్ళకు ఆ కరెంటు ఖర్చు లేదు. పాత ఇంజనీర్లు ఒక్కసారి కొలిచి పెట్టిన వాలు ఇన్నేళ్ళూ జీతం అడగకుండా పని చేసింది.

సెలవులు అయిపోయే ముందు అమ్మమ్మ, "నన్నూ ఒకసారి తీసుకుపోరా," అన్నది. మామయ్య ఆశ్చర్యపోయాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఒక్కసారీ అడగలేదు.

కట్ట మీద గాలికి కొంగు తలచుట్టూ బిగించుకొని చాలాసేపు నిలబడింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రాతికట్టడాన్ని చేత్తో తట్టి చూసింది, ఇత్తడి బిందె కొనేటప్పుడు తట్టి చూసినట్టు.

"రాత్రిపూట ఇక్కడ ఎవరుంటారు?" అని అడిగింది.

"ఎవరో ఒకరు ఉంటారమ్మా. మట్టం చూసి రాసుకుంటూ ఉంటారు."

"నీ వంతు కూడా వస్తుందా?"

"వానాకాలంలో వస్తుంది."

"ఆ రాత్రి నిద్రపోకు బిడ్డా," అన్నది.

ఆ తరవాత వానాకాలంలో మామయ్య డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకొని గడపలో నిలబడి ఉండేదట. చెంబు అందించే ముందు ఒకే మాట అడిగేది: "ఎన్నడుగులు?"