సెకండ్ షో తర్వాత

సినిమా పత్రికలో టెన్నిస్ గోలేమిటంటారా? చెప్తా వినండి. 2015 జులై 11. ‘బాహుబలి’ సెకండ్ షో చూసి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. టీవీలో వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్. ముందు నాన్న. ఉద్యోగం మానేసి రాతల్లో పడ్డానని ఆర్నెల్లుగా నాతో మాటల్లేవు.

మన హైదరాబాదు సానియా, హింగిస్ జోడీ మూడో సెట్లో 2-5. ఎదుట రష్యా వాళ్లు మకరోవా, వెస్నినా. ఇంకేముందని పడుకోబోయాను.

"కూర్చో. ఆట అయిపోలేదు."

కూర్చున్నాను. సానియా ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చాకచక్యం... 5-5! అక్కడ చీకటి పడింది. పైకప్పు మూసి లైట్లేసేదాకా ఆట ఆగింది.

"సినిమా ఎలా ఉంది?" అన్నారు నాన్న, తెరమీంచి కళ్లు తిప్పకుండా. చెప్పాను.

5-7, 7-6, 7-5. కప్పు మనదే! నాన్న లేస్తూ అడిగారు: "నీ రివ్యూ ఏ రోజు పేపర్లో వస్తుందిరా?"