పాత అంకె, కొత్త మీటరు

బుల్లెట్ హెడ్‌లైటు నెత్తిన ఆంపియర్ మీటరు పక్కనే స్పీడోమీటరు ఉండేది. ముల్లు కింద సన్నని కిటికీ, అందులో నల్ల చక్రాల మీద తెల్లటి అంకెలు. బండి కదిలితే చివరి అంకె కనీకనపడకుండా పాకేది. తొమ్మిది దాటి సున్నాకు వచ్చే వేళ పక్క అంకెను కూడా లేపేది. వరసగా తొమ్మిదులు పడ్డాయంటే పండగే. అవన్నీ ఒక్కసారి సున్నాలయ్యే క్షణం తప్పిపోకూడదని, పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని బెంజి సర్కిల్ నుంచి కంకిపాడు దాకా కళ్లప్పగించి చూసిన బాల్యం మా తరానిది.

ఆ అంకెల వెనక ఉన్న పనితనం ఇప్పటికీ నాకు ముచ్చటే. ముందు చక్రం ఇరుసు దగ్గర చిన్న పళ్లచక్రం, దాన్నుంచి నల్ల తొడుగులో పైకి వెళ్లే పేనిన తీగ. తీగ తిరిగితే మీటరులో అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తాకకుండానే పక్కనున్న అల్యూమినియం గిన్నె వెంట తిరగబోతుంది, వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే వేగం. అదే తీగ మరికొన్ని పళ్లచక్రాల ద్వారా అంకెలనూ తిప్పుతుంది. బుల్లెట్ చక్రం దరిదాపు 500 చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. బెజవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఏడు వందల సార్లకు పైగా వెళ్లొస్తే లక్ష నిండి, ఐదంకెల మీటరు మళ్లీ మొదటికొస్తుంది.

మా నాన్నది ఎరువుల వ్యాపారం. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ ఆయన బుల్లెట్ మీద తిరిగే దారి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ రీడింగు, లీటర్లు, తేదీ చిన్న పుస్తకంలో రాసుకునేవారు. ఆయిల్ ఎప్పుడు మార్చాలో, గొలుసు ఎప్పుడు బిగించాలో ఆ పుస్తకమే చెప్పేది. పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన రాకముందు, పెనుమూడి వైపు వెళ్లాలంటే బండిని పడవెక్కించాలి. అవతలి గట్టున దింపాక చూస్తే రీడింగు ఎక్కించినప్పటిదే. అంత పెద్ద నది దాటినా మీటరుకు తెలియదు, చక్రం తిరగలేదు కదా! వానాకాలం రేగడి బురద చక్రానికి పట్టేస్తే తీగ తెగేది. కొత్తది వేయించేదాకా తిరిగిన దూరం ఏ లెక్కకూ ఎక్కేది కాదు.

మీటరే పాడైతే ఆటోనగర్ వెళ్లాలి. 1960ల్లో పటమట అవతల మొదలై లారీ బాడీల నుంచి చిన్న స్క్రూ దాకా అన్నీ దొరికే ఊరుగా పెరిగిన పేట అది. అక్కడ మీటర్లు మాత్రమే చూసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నాన్న తెచ్చిన కొత్త మీటరు చేతిలోకి తీసుకుని, ముందు అడిగే మాట ఒకటే.

"సున్నాలు ఉంచేదా అండీ, పాతది ఎక్కించేదా?"

"ఉన్నది ఉన్నట్టే ఎక్కించు మేస్త్రీ."

సన్నని స్క్రూడ్రైవరుతో రింగు మడతను చుట్టూ కొంచెం కొంచెంగా లేపేవాడు. అద్దం, రబ్బరు, ఆ తర్వాత ముల్లు, డయలు. అంకెల చక్రాలు గుచ్చిన కడ్డీ బయటికొచ్చాక, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే బుల్లి పళ్లచక్రాలను తప్పించి, పాత మీటరు ఎదురుగా పెట్టుకుని, ఒక్కో అంకెనూ గోటితో తిప్పేవాడు. ఏ అంకె అయినా సగం ఎక్కి సగం దిగి కనిపిస్తే మళ్లీ విప్పేవాడు. వరస తిన్నగా కుదిరాక తీగముక్క ఒకటి గుచ్చి వేళ్లతో తిప్పి, చివరి అంకె పాకడం చూసి, అప్పుడు రింగు నొక్కేవాడు.

మైళ్ల మీటరున్న పాత బండ్లకు ఇంకో లెక్క ఉండేది. మన దేశం 1958 నుంచి మెట్రిక్ కొలతలకు మారుతూ వచ్చింది, రోడ్డు పక్క రాళ్లూ కిలోమీటర్లలోకి వచ్చేశాయి. మైళ్ల మీటరు తీసి కిలోమీటర్లది పెడితే పాత అంకెను ఉన్నదున్నట్టు ఎక్కించడం తప్పవుతుంది. ముప్పై వేల మైళ్లంటే 48,280 కిలోమీటర్లు. మేస్త్రి ముందు కాగితం మీద గుణించుకుని, తర్వాతే చక్రం ముట్టుకునేవాడు.

అంకెలు ముందుకు తిప్పగలిగిన వేళ్లే వెనక్కీ తిప్పగలవు. సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఆ మోసం బాగానే నడిచింది. సీ బుక్కులో రీడింగు ఉండదు, అడిగేవాళ్లు లేరు. అమెరికాలో మాత్రం 1972లోనే చట్టం వచ్చింది. మీటరు మారిస్తే పాత రీడింగే ఉండాలి. కుదరకపోతే సున్నా పెట్టి, పాత రీడింగూ మార్చిన తేదీ రాసిన కాగితం కారు ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. అలాంటి చట్టం లేని చోట నాన్న, మేస్త్రి పాత రీడింగు నిలిపే పని తమంతట తాము చేశారు. బండి ఎన్ని ఊళ్లు తిరిగిందో ఆ అంకెకే తెలుసునని, డబ్బా మారినంత మాత్రాన అది మారకూడదని వాళ్ల నమ్మకం. నాకు వాళ్లిచ్చిన నిజాయితీ పాఠాల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

ఇప్పుడు చాలా బండ్లకు తీగే లేదు. చక్రం దగ్గర సెన్సారు, తెర మీద వెలిగే అంకె, దాని వెనక చిప్పు. గోటితో తిప్పే పనీ, మీటర్లొక్కటే చూసి బతికే మేస్త్రీ కనుమరుగయ్యారు. కానీ పాత బుల్లెట్లనూ, రాజ్‌దూత్‌లనూ, ఆర్‌ఎక్స్ 100లనూ ప్రేమగా బాగుచేయించుకునే కుర్రాళ్లు బెజవాడలో చాలామందే ఉన్నారు. వాళ్లు తెప్పించుకునే కొత్త మీటర్లన్నీ సున్నాలతోనే వస్తాయి. వాళ్లకు నా మనవి ఒక్కటే. పాత మీటరు పారేసేముందు అందులోని అంకె కొత్తదాంట్లోకి ఎక్కించండి. చేసేవాళ్లు దొరక్కపోతే ఆ అంకె, మార్చిన తేదీ ఒక కాగితం మీద రాసి సీ బుక్కుతో పాటు దాచండి. బండి చేతులు మారిన రోజున ఆ కాగితమూ దానితో పాటు వెళ్లాలి.