అంకె మారలేదు, రంధ్రం మారింది



గృహ ప్రార్థనలకు మేము వచ్చే బండి మీకు తెలిసిందే. పాత సీడీ 100. దాని శబ్దం వినగానే పొయ్యి మీద టీ పెట్టే తల్లులు మన సంఘంలో ఉన్నారు. ఈమధ్య ఆ బండితోనే దేవుడు మాకు ఒక పాఠం నేర్పాడు. కొంచెం సిగ్గుతోనే రాస్తున్నాము.

ఎండాకాలంలో బండి తడబడుతుంటే చెత్త చేరిందనుకుని కార్బురేటర్ మేమే విప్పాము. అందులో జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ సన్నని రంధ్రం. పెట్రోలు ఆ రంధ్రంలోంచే కొలత ప్రకారం వెళ్లి గాలితో కలుస్తుంది. మేము అందులో దబ్బనం మొన పెట్టి గట్టిగా తిప్పి, శుభ్రమైపోయిందని సంతోషించాము.

తర్వాత నల్లపొగ మొదలైంది. పెట్రోలు తాగేస్తోంది. దారిలో ఆగిపోతోంది. అంతకు వారం ముందే మన ఊరి తమ్ముడొకడు బండికి సర్వీసింగు చేశాడు. టీ హోటలు దగ్గర నలుగురి ముందు, "నీ చేతిలో పెట్టినప్పటి నుంచే పాడైంది" అనేశాము. అతడు తల దించుకున్నాడు, ఒక్క మాట అనలేదు. ఆ ఆదివారం నుంచి గుడిలో అతడు కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు కనబడదు. పాతవాటి గుట్టు తెలిసిన పెద్దాయన పాతబస్తీలో ఉన్నాడని ఒక సహోదరుడు చెప్పాడు. కార్బురేటర్‌నూ స్పార్క్ ప్లగ్‌నూ తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాము. ఎంజీబీఎస్‌లో దిగి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా, చార్మినార్ మీదుగా శాలిబండ దాకా నడిచాము. సందులో చిన్న దుకాణం. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు.

ఉస్తాద్ ముందు ప్లగ్ చూశాడు. మసిబారి నల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్ ఇలా అవుతుందట. తక్కువైతే తెల్లబారి, ఇంజను కాగిపోతుందట. తర్వాత మెయిన్ జెట్ విప్పి దాని మీద అంకె చదివాడు. "నంబరు సహీగనే ఉంది" అన్నాడు. మా మనసు తేలికపడింది. తప్పు మాది కాదన్నమాట!

ఆయన అక్కడితో ఆగలేదు. అదే అంకె ఉన్న కొత్త జెట్ తీశాడు. సన్నని డ్రిల్లు బిట్టును తిరగేసి, దాని నున్నని కాడను కొత్తదాని రంధ్రంలో పెట్టాడు. అంచు దగ్గరే ఆగింది. మాదాంట్లో పెట్టాడు. సులువుగా జారిపోయింది. భూతద్దం మా చేతికిచ్చి వెలుతురులో చూడమన్నాడు. రంధ్రం అంచంతా గీతలు.

"ఇండ్ల సూది ఎవరు పెట్టిండ్రు పాస్టర్ సాబ్? ఇత్తడి మెత్తగ ఉంటది. పెట్రోల్ల నానబెట్టి గాలి కొట్టాలె, అంతే. నంబరు చూసి మోసపోవద్దు, సురాక్ చూడాలె."

"మేమే పెట్టాము" అన్నాము. ఆ మాట రావడానికి కొంచెం సమయం పట్టింది.

అంకెల గురించి ఆయన ఇంకో సంగతి చెప్పాడు. 110 అని ఉంటే కొన్ని రకాల జెట్లలో రంధ్రం వ్యాసం 1.10 మిల్లీమీటర్లు. మరికొన్ని రకాల్లో అది ఎంత ఇంధనం పారుతుందో చెప్పే లెక్క. అంకె ఒక్కటే, కొలత వేరు. తిరుగు బస్సులో సామెతలు 20:10 గుర్తొచ్చింది. రెండు రకాల తూనికరాళ్లు, రెండు రకాల కొలపాత్రలు ప్రభువుకు అసహ్యమని అక్కడ ఉంది. మా తప్పుకు ఒక కొలత, తమ్ముడి తప్పుకు ఇంకో కొలత పెట్టింది మేమే కదా.

సార్దీస్ సంఘం కూడా జ్ఞాపకం వచ్చింది. దానికి జీవమున్నదన్న పేరుంది, లోపల మాత్రం మరణం (ప్రకటన 3:1). పాస్టరు, పెద్ద, విశ్వాసి అన్నవి మన మీద కొట్టిన అంకెలు. అవి అంత త్వరగా చెరగవు. లోపలి రంధ్రం మాత్రం కోపంతో కొంచెం, తొందరపాటుతో కొంచెం అరుగుతూ పోతుంది. బయట పొగ కనబడినప్పుడు ఇంకొకరి చేతిని నిందిస్తాము. ప్రియులారా, మనల్ని వెలుతురులో పెట్టి చూసే ప్రభువు అంకె చదివి ఊరుకోడు.

అర్పణ తెచ్చేముందు సహోదరునితో సమాధానపడమని యేసుప్రభువు చెప్పాడు (మత్తయి 5:23-24). అందుకే బస్సు దిగి నేరుగా ఇంటికి వెళ్లలేదు. అదే టీ హోటలు దగ్గర, నలుగురూ ఉండగానే, "తప్పు నీది కాదు తమ్ముడూ, దబ్బనం పెట్టింది మేము. క్షమించు" అన్నాము. అతడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపి, "ఇటియ్యండి అయ్యగారూ, బిగిస్తాను" అన్నాడు.

బండి ఇప్పుడు బాగుంది. ఆదివారం అతడు వస్తాడో రాడో తెలియదు. అతని చోటు మాత్రం అలాగే ఉంచాము. మీరూ ప్రార్థించండి. ఈ వారం మీరు ఎవరినైనా తొందరపడి నిందించి ఉంటే, ఆదివారం వరకూ ఆగకండి.

ప్రభువా, మా మీది పేరు కాదు, మా లోపలి కొలత సరిచేయుము. ఆమేన్.