మలేషియాలో మా కారు ప్రయాణం

విదేశీ ప్రయాణం అనగానే మన బరంపురం వాళ్లలో చాలామంది ముందు టూరు కంపెనీ గుమ్మం ఎక్కుతారు. అది తేలిక. డబ్బు కట్టేస్తే బస్సు ఎక్కించేవాడూ దింపేవాడూ, వేళకి పప్పన్నం పెట్టించేవాడూ అన్నీ వాళ్లే. కాని పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకొని ఆ బస్సులో తిరిగితే పొద్దున్నే ఆరింటికి లేవడం, తొమ్మిదింటికి ఒక గుడి ముందు ఫోటో, పదకొండింటికి ఒక చాక్లెట్ల దుకాణం, ఇలా గడుస్తుంది రోజు. ఇంటికొచ్చాక ఏం చూశావమ్మా అని అడిగితే ‘బస్సు’ అంటుంది. అందుకని పోయిన వేసవి సెలవుల్లో నేనూ, మా ఆవిడా, ఏడో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయీ అద్దెకారు మేమే నడుపుకొంటూ మలేషియా పశ్చిమ తీరం చూసి వచ్చాం. మొత్తం పది రోజులు.

మలేషియానే ఎందుకు అని చాలామంది అడిగారు. చెన్నై నుంచి నాలుగు గంటల విమానం. మనలాగే అక్కడా రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడి వైపే ఉంటుంది. ఈ రెండూ పైకి చెప్పే కారణాలు. మూడోది మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. ఆమె మేనమామ ఒకాయన, 1938కి ముందు, మలయా తోటల్లో పనికి వెళ్లాడు. ఆ ఏడే భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపివేసింది. యుద్ధం అయ్యాక ఆయన దగ్గర నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయట, తర్వాత లేదు. కవరు ఒకటి మిగిలింది. దాని మీద ఊరి పేరు ‘తెలుక్ ఆన్సన్’ అని ఉంది.

ఆ పేరు ఇప్పటి పటాల్లో కనబడదు. వెతికి పట్టుకొన్నది మా అమ్మాయే. 1982లో ఆ ఊరికి తెలుక్ ఇంతాన్ అని పేరు మార్చారు; ఇంతాన్ అంటే వజ్రం. పెరాక్ రాష్ట్రంలో ఉంది. దానికి గంట దూరంలోనే సముద్రం ఒడ్డున బగాన్ దతుక్. మలేషియా తెలుగువాళ్ల సంగతి తెలిసినవాళ్లెవరిని అడిగినా ముందు చెప్పే పేరు అదే. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడి కొబ్బరితోటల్లో కుదురుకొన్నాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకొన్నారు. ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయన్నది మన పాఠకుల్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇక ఏ టూరు కంపెనీ బస్సూ బగాన్ దతుక్ వెళ్లదు. కనుక కారు తప్పలేదు.

కాగితాల విషయం మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పిల్లల పాస్‌పోర్టు మనలా పదేళ్లది కాదు, అయిదేళ్లకే అయిపోతుంది. పెద్దవాళ్లవి చూసుకొని పిల్లదాన్ని మరిచిపోయే ఇళ్లు నాకు తెలుసు. ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. భారతీయులకు మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజులలోపు ప్రయాణాలకు వీసా తీసివేసింది. ఆ సడలింపును 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించారు. ఆపైన ఎలా ఉంటుందో టికెట్టు కొనేముందు చూసుకోవాలి. దిగడానికి మూడు రోజుల లోపల ఆన్‌లైనులో రాక కార్డు నింపాలి, పిల్ల పేరున కూడా. కారు నడిపేవారు మన ఆర్‌టీఓ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాది చెల్లుతుంది. దానితోపాటు అసలు లైసెన్సు కూడా దగ్గర ఉండాలి.

బ్యాంకువాణ్ణి కనుక డబ్బు సంగతి కాస్త విడమర్చి చెబుతాను, విసుక్కోకండి. ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు తీసుకువెళ్లరాదు. నిజానికి అంత అక్కరలేదు కూడా; కొంత నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో పెట్టుకొంటే సరి. యాభైవేలు దాటిన విదేశీ మారకం కొనుగోలుకు రూపాయి నోట్లు తీసుకోరు, ఖాతాలోంచే కట్టాలి. ముఖ్యమైనది ఇంకొకటుంది. కారు కిరాయికిచ్చేవాళ్లు హామీ సొమ్ముకు క్రెడిట్ కార్డు అడుగుతారు, అదీ నడిపేవాడి పేరున ఉన్నదే. చాలాచోట్ల ఫారెక్స్ కార్డు దీనికి పనికిరాదు. ఆ సొమ్ము వాళ్లు తీసుకోరు, మన పరిమితిలో కట్టిపడేస్తారు. కనుక కార్డు పరిమితి సగం ఖాళీగా ఉంచుకొని వెళ్లాలి. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మనం తెరిస్తేనే తెరుచుకొంటుంది, అది ఇంటి దగ్గరే తెరుచుకోండి. ఇక దుకాణంలో కార్డు యంత్రం ‘రూపాయల్లోనా, రింగిట్లలోనా’ అని మర్యాదగా అడుగుతుంది. రింగిట్లే అనండి. రూపాయలంటే ఆ మర్యాదకు ఖరీదు మనమే కడతాం.

టూరు ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచీ టీసీఎస్ పట్టుకొంటారు. తర్వాత రిటర్నులో సర్దుకోవచ్చు, కాని అన్నాళ్లూ డబ్బు మన చేతిలో ఉండదు. విడివిడిగా టికెట్లూ హోటళ్లూ మనమే చూసుకొంటే ఆ బాధ లేదు.

దారి వేసుకొనేటప్పుడు నేను కిలోమీటర్లు లెక్కపెట్టలేదు, గంటలు లెక్కపెట్టాను. రోజుకు మూడు గంటల కంటే ఎక్కువ కారులో కూర్చోకూడదు. మధ్యాహ్నం మూడు తర్వాత రోడ్డు మీద ఉండకూడదు, ఎందుకంటే ఆ వేళకి అక్కడ ఉరుములతో వాన కుమ్మరిస్తుంది, ముందు కారు కనబడదు. దిగిన రోజు అసలు నడపకూడదు. రాత్రి విమానంలో నిద్రలేక దిగుతాం, గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పాలి. ఆ కళ్లతో స్టీరింగు పట్టుకోవడం ప్రమాదం. హోటలుకు టాక్సీలో పోయి, రెండు రోజులు కౌలాలంపూరు చూసి, మూడోనాడు కారు తీసుకొన్నాం. ఇక రంజాన్ పండుగ, చైనా వాళ్ల కొత్త సంవత్సరం దగ్గరలో వెళ్లకండి. దేశం దేశమంతా సొంత ఊళ్లకు బయలుదేరుతుంది, మన సంక్రాంతికి హైదరాబాదు రోడ్డులాగా.

వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోవాలి. చిన్నపిల్లలకు ప్రత్యేకమైన సీటు ఉండాలన్నది 2020 నుంచి అక్కడ చట్టం. కారు అడిగేటప్పుడే చెప్పి పెట్టించుకోవాలి. మా అమ్మాయి ఆ ఎత్తు దాటిపోయింది. ఆమెకు నేను రెండు పనులు అప్పగించాను, దారి చెప్పడం, లెక్క రాయడం. హైవేల మీద టోలుకు నోట్లు తీసుకోరు, ‘టచ్ ఎన్ గో’ అనే కార్డు ఉండాలి. గేటు దగ్గర ఎంత పోయింది, కార్డులో ఎంత మిగిలింది అని పుస్తకంలో రాసేది. పెట్రోలు మనమే పోసుకోవాలి. 2025 సెప్టెంబరు చివర నుంచి అక్కడి సబ్సిడీ పెట్రోలు ఆ దేశ పౌరులకే పరిమితం, మనకు మార్కెట్ ధరే. ఆ ధర కూడా పుస్తకంలో చేరింది. బోర్డుల మీద మలయ్ భాషే రాసి ఉంటుంది. ‘కెలువార్’ అంటే బయటికి దారి. ‘ఉతారా’ అని కనబడగానే, ‘నాన్నా, ఇది మన ఉత్తరమే’ అని కేకేసింది. నిజమే, సంస్కృతం నుంచి పోయిన మాటే. అక్కడి నుంచి ‘బహాస’ అనీ ‘గురు’ అనీ బోర్డుల మీద చుట్టాలను ఏరుకొంటూ కూర్చుంది. నాకు ఫోను ఆటల గోల తప్పింది.

మొదటి రోజు కువాలా సెలంగోర్ వరకే, గంటన్నర. అక్కడ సెలంగోర్ నది మీద రాత్రిపూట తెడ్డు పడవల్లో మిణుగురులు చూడాలి. ఒడ్డునున్న చెట్లు వేలాది మిణుగురులతో ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంటాయి. వెన్నెల లేని రాత్రి చూసుకొని వెళ్లాం. మరునాడు సెకిన్‌చాన్ మీదుగా తీరం రోడ్డు. రెండు పక్కలా కనుచూపు మేర వరిచేలు, మధ్యలో కాలువ. మా ఆవిడది రామచంద్రపురం. ‘ఇందుకు ఇంత దూరం రావాలా, మా ఊరు పోతే చాలదూ’ అంది. అంటూనే దిగి, గట్టు మీద అరగంట నిలబడింది.

సబక్ బెర్నామ్ దాటాక చేలు పోయి కొబ్బరితోటలు మొదలవుతాయి. ఇక్కడ మా అమ్మాయి సంగతి ఒకటి చెప్పాలి. 1936లో గంజాం ఒరిస్సాలో కలిసినప్పటి నుంచి మా ఇళ్లలో తెలుగు గుమ్మం లోపలి భాషే. బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఆ తెలుగు కూడా మా అమ్మ నోటి తెలుగు. ‘ఏటి’, ‘ఒగ్గేయ్’, ‘గుంట’ అంటుంది. అమ్మాయి తరగతిలోకి విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారి పిల్ల ‘మీది తప్పు తెలుగు’ అని నవ్వింది. అప్పటి నుంచి మావాడకట్టులో తప్ప, బయట తెలుగు నోరెత్తడం మానేసింది. మేము పలకరిస్తే నలుగురిలో ఇంగ్లీషులో బదులిచ్చేది. నేను కోప్పడి చూశాను, లాభం లేదు. ప్రయాణం వేసుకొన్నప్పుడు ఇది నా మనసులో ఉంది. పిల్లకు చెప్పలేదు.

బగాన్ దతుక్‌లో రోడ్డు పక్కన కొబ్బరిబోండాల దుకాణం దగ్గర కారు ఆపాం. కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు డెబ్బై అయిదు పైనే ఉంటాయి. మేం మాలో మాట్లాడుకొంటుంటే విని, ‘తెలుగోళ్లా?’ అని లేచారు. అవునన్నాం. ‘ఏ ఊరు మీది?’ అన్నారు. బరంపురం ఎక్కడో చెప్పడానికి శ్రీకాకుళం పేరు చెప్పి పైకి జరగాల్సి వచ్చింది. శ్రీకాకుళం అనగానే ఆయన ముఖం విప్పారింది. వాళ్ల తాతది ఆ వైపేనట. తాను ఒక్కసారి కూడా చూడలేదట. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, ‘ఈ గుంట మీ కూతురా? ఏటి సదువుతంది?’ అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను కొబ్బరినీళ్లు తాగుతున్నాను. ‘ఏడు అయిపోనాది తాతా’ అంది, అచ్చం మా అమ్మ గొంతుతో.

గంటసేపు అక్కడే కూర్చున్నాం. కవరు మీది పేరు చెప్పి అడిగాను. ఆయనకు తెలియదు. ఆ రోజుల్లో ఒక్కో తోటకు ఒక్కో లైను ఇళ్లు, తోట మారితే మనిషి మారినట్టే అన్నారు. కొబ్బరి పోయి తాటినూనె తోటలు వచ్చాక ఎటువాళ్లు అటు పట్నాలకు వెళ్లిపోయారట. ఆయన మనవలు ఇద్దరు వచ్చి పలకరించారు. తాతతో తెలుగు, వాళ్లలో వాళ్లు మలయ్, పక్కింటివాళ్లతో తమిళం. మన ఇళ్లలో మూడు భాషలు తిరిగినట్టే. బళ్లారిలో, హోసూరులో, షోలాపూరులో ఉన్న మన పాఠకులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. బోండాలకు డబ్బు తీసుకోలేదు. మా ఆవిడ సంచిలోని సున్నుండల డబ్బా ఇచ్చి వచ్చింది.

ఆ రాత్రి తెలుక్ ఇంతాన్‌లో బస. ఊరి నడుమ 1885లో కట్టిన గడియార స్తంభం ఒకటి ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది. మొదట అది నీళ్ల ట్యాంకట. దాని కింద నిలబడి అమ్మాయి మా అమ్మకు ఫోను చేసింది. ‘నానమ్మా, ఇక్కడ కూడా ఏటి అంటారు’ అంటోంది. అవతల ఏమందో నాకు వినబడలేదు, చాలాసేపు మాట్లాడుకొన్నారు. మేనమామ ఊరు చూశామని నేను తర్వాత చెప్పాను. ఊరు ఎలా ఉందని అడగలేదు. కొబ్బరి బాగా కాస్తోందా అని అడిగింది.

మిగతా ప్రయాణం సుఖంగానే సాగింది. ఇపోలో సున్నపురాతి గుహల్లోని గుళ్లు. కామెరాన్ కొండలకు తాపా వైపు నుంచి వెళ్లే పాత దారిలో మలుపులు వందల కొద్దీ ఉంటాయి, పిల్లలకు కడుపులో తిప్పుతుంది. సింపాంగ్ పులాయ్ వైపు దారి ఎంతో మేలు. తేయాకు తోటల మధ్య రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండిపోయాం, కావాలనే అలా ఖాళీ పెట్టాను. శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోండి. కూరగాయల కూర అని చెప్పినా అందులో ఎండు నెత్తళ్ల కారం పడే వీలుంది, అడిగి మరీ తినాలి. అరటాకు భోజనం పెట్టే మన దక్షిణాది హోటళ్లు పట్నాలన్నింటిలోనూ ఉన్నాయి. పెనాంగు వెళ్లే రోజు ఒక్కటే మూడు గంటల నియమం దాటింది. మధ్యలో తైపింగ్ సరస్సు తోటలో రెండు గంటలు ఆగాం. హైవే పొడుగునా ఉండే విశ్రాంతి స్థలాల్లో మరుగుదొడ్లు, తిండి, నీడ అన్నీ ఉన్నాయి.

కారు పెనాంగులోనే అప్పగించి బటర్‌వర్త్ నుంచి కౌలాలంపూరుకు రైలెక్కాం. ఎక్కినచోట కాక వేరే ఊళ్లో అప్పగిస్తే అదనంగా కొంత తీసుకొంటారు, కాని తిరుగు దారిలో 350 కిలోమీటర్లు నడపడం తప్పింది. అప్పగించేటప్పుడు నాలుగు పక్కలా ఫోటోలు తీసుకోండి, పెట్రోలు ముల్లు కూడా. హామీ సొమ్ము మా కార్డులో విడుదల కావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ అమ్మాయి తన లెక్కల పుస్తకం తెరిచి, ‘నాన్నా, ఇంకా రాలేదేటి?’ అని రోజూ అడిగింది.