వందో చెయ్యి

తొట్టె నిండా పల్చటి గంజిలాంటి నీళ్లు. పైన ఒకే ఒక్క తాడుకు వేలాడుతున్న చట్రం. దానిమీద సన్నని వెదురుపుల్లల తెర. ముందు నుంచి నీళ్లు ముంచి వెనక్కి వదిలేయాలి. తర్వాత కుడికీ ఎడమకీ ఊపాలి. చూడ్డానికి ఉయ్యాల ఊపినంత తేలిక. తీరా చెయ్యి పెడితే... కాగితం ఒకవైపు అట్టలా, ఇంకోవైపు సాలెగూడులా వస్తుంది! దక్షిణ కొరియాలోని జియోంజులో హాంజీ తయారీ నేర్చుకోవడానికి వచ్చే కాలేజీ పిల్లలకు మొదటి పాఠం ఇదే.

సియోల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే రెండు గంటల్లోపే జియోంజు. ఏడు వందలకు పైగా పెంకుటిళ్లున్న హానోక్ గ్రామం ఇక్కడి ప్రత్యేక ఆకర్షణ. ఆ ఇళ్ల తలుపులకు అద్దాలకు బదులు తెల్లని కాగితం. ఎండ అందులోంచి వెన్నెలలా వడగట్టుకుని లోపలికొస్తుంది. అదే హాంజీ!

చలికాలంలో 'డాక్' అనే కాగితపు మల్బరీ కొమ్మలు నరుకుతారు. ఆవిరి పట్టి బెరడు ఒలుస్తారు. పైన నల్లని పొర గీకేసి, లోపలి తెల్లని నారను బూడిద నీళ్లలో ఉడికిస్తారు. కడిగి, దంచి, తొట్టెలో కలుపుతారు. నార ముద్దకట్టకుండా మన బెండ జాతికే చెందిన ఓ మొక్క వేళ్ల జిగురు పోస్తారు. అటూ ఇటూ ఊపడంతో పోగులు అడ్డంగా, నిలువుగా పెనవేసుకుంటాయి. ఆ గట్టిదనానికి సాక్ష్యం కావాలా? 1966లో బుల్గుక్సా ఆలయ స్తూపంలో దొరికిన బౌద్ధ సూత్రం అచ్చయింది మల్బరీ కాగితం మీదే. అది 751కి ముందుదని భావిస్తున్నారు.

వెయ్యేళ్లు నిలిచే కాగితానికి వచ్చిన కష్టం కొనేవాళ్లు తగ్గిపోవడమే. అపార్ట్‌మెంట్లొచ్చాయి, కిటికీలకు అద్దాలొచ్చాయి, కార్ఖానాల్లో యంత్రాలొచ్చాయి. దాంతో చేత్తో చేసేవాళ్లు తగ్గిపోయారు. 2005లో కొరియా ప్రభుత్వం ఈ విద్యను జాతీయ వారసత్వంగా గుర్తించింది. 2022లో జియోంజులో దీనికోసమే ఓ కేంద్రం తెరిచారు. అయితే గుర్తింపు ఇచ్చినంత మాత్రాన విద్య నిలబడదుగా! చేతి నుంచి చేతికి అందాలి.

అందుకే కళాకారులు కాలేజీలకూ వెళ్తున్నారు. కాగితాన్ని పేలికలుగా చీల్చి, తాడులా పేని, బుట్టలల్లే 'జిసుంగ్' నేర్పిస్తారు. దీపాలకు గూళ్లు కట్టిస్తారు. కీబోర్డుకు అలవాటుపడిన వేళ్లు మొదట్లో మొరాయిస్తాయి. పేనిన తాడు విప్పుకుపోతుంది. మళ్లీ మొదలు!

ఒక్కరోజు శిక్షణతో ఎవరూ నిపుణులైపోరు. ఆ సంగతి నేర్పేవాళ్లకూ తెలుసు. అయినా ఎందుకంత ఓపిక? కొరియాలో ఓ మాటుంది: హాంజీ తయారయ్యేలోపు తొంభైతొమ్మిది సార్లు చెయ్యి పడుతుంది, వందోది వాడేవాళ్ల చెయ్యి. ఎగుడుదిగుడుగా వచ్చిన కాగితాన్ని ఆరబెట్టుకుని, భద్రంగా చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లే ప్రతి విద్యార్థిదీ ఆ వందో చెయ్యే. ఆ చెయ్యి లేకపోతే ముందున్న తొంభైతొమ్మిదికీ పనుండదు మరి!